నీళ్ళు చూసే చెయ్యి

ఆ రిజిస్టర్లో పదకొండు రోజులపాటు నేను అబద్ధం రాశాను. పెద్ద రాతేం కాదు. "సరి" అన్న రెండక్షరాలు, రోజుకొకసారి. ఆ రెండక్షరాలు ఎవరికి ఏం తెచ్చిపెడతాయో అప్పుడు తెలియదని చెప్పుకోగలిగితే బాగుండేది. కొంత తెలుసు. అందుకే ఈ సంగతి ఇంకెవరో చెప్పేకన్నా నేను చెప్పడమే మర్యాద.

నా పేరు మోహనరంగా. జర్మనీ తూర్పు అంచున, పోలండు సరిహద్దు వెంట పారే ఓడర్ నది దగ్గర ఒక నీటి పరిశోధన సంస్థలో పరికరాలు తయారు చేస్తాను. నా భార్య ప్రశాంతి అదే సంస్థలో చేపల మీద పని చేస్తుంది. ఒకప్పుడు అక్కడంతా చిత్తడి నేల. ఎప్పుడో నీళ్ళు తోడి పొలాలు చేశారు. మిగిలినవి పొలాల మధ్య పంట కాలవలు. ఆ కాలవల్లో మూడేళ్ళుగా ప్రశాంతి వెతుకుతున్నది ఒక్కటే చేప.

లోచ్ జాతిది. జానెడు పొడుగు, గోధుమ రంగు ఒంటి మీద పసుపు చారలు, మూతి చుట్టూ పది మీసాలు. ఇక్కడి పాతకాలం వాళ్ళు దాన్ని వాన చేప అనేవారు. ఉరుములు రాబోతున్నాయంటే ముందే తెలిసి నీళ్ళలో గింగిరాలు కొడుతుందని, వెనకటికి గాజు సీసాలో వేసి కిటికీలో పెట్టుకునేవారట. ఊపిరాడకపోతే పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగుతుంది, పేగులతో పీల్చుకుంటుంది. పట్టుకుంటే కీచుమంటుంది. ఇన్ని విద్యలున్నా, మూరెడు లోతు బురదలో పడుకుని ఎవరికీ కనపడకపోవడమే దాని అసలు విద్య.

ఆ విద్యే దాని ప్రాణం మీదికి తెచ్చింది. మేం చూస్తున్న కాలవ ఆరువందల మీటర్లు. జూన్‌లో దాని పూడిక తీయించాలని అక్కడి జల సంఘం నిర్ణయించింది. "ఈ చివర నాలుగు చేపలు కనిపించాయి కాబట్టి ఈ చివర వదిలేస్తాం. మిగతా కాలవలో ఉన్నాయని ఏమిటి రుజువు?" అన్నారు వాళ్ళు. అడగడంలో తప్పు లేదు. కాలవ పొడుగునా తవ్వి చూస్తే రుజువు దొరుకుతుంది గాని, తవ్వాక చేపలు ఉండవు.

నేను తయారు చేసిన చేతి తొడుగు పుట్టింది ఈ చిక్కు తీర్చడానికే. వెంట్రుక కన్నా సన్నని తీగలు రెండు వేలు బురదలోకి దింపుతాం. చేప కండరం కదిలినా, దాని చుట్టూ నీరు కాస్త ఒత్తుకున్నా ఆ తీగలు పట్టేస్తాయి. గట్టు మీద కూర్చున్న మనిషి చేతికి తొడుగు ఉంటుంది. దాని లోపల కూడా రెండు వేల మొనలు. చేప ఒంటికి తెలిసినదంతా అవి మనిషి అరచేతి మీద మళ్ళీ పలికిస్తాయి. చేపను పట్టక్కర్లేదు, దాని నిద్ర చెడగొట్టక్కర్లేదు. రోజుకు పది పదిహేను మీటర్ల చొప్పున తీగలు జరుపుకుంటూ పోతే కాలవంతా ఒక పటం తయారవుతుంది.

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మా విద్యార్థులు మాత్రం తొడుక్కుని, చీమలు పాకుతున్నట్టుందని తీసేసేవారు. ప్రశాంతికి కాస్త తెలిసేది గాని కడుపుతో ఉన్నప్పుడు నేనే మాన్పించాను. ఏప్రిల్లో పురుడు పోయడానికి కొల్లేటి నుంచి ప్రశాంతి వాళ్ళమ్మ, మా అత్తయ్య నాంచారమ్మ వచ్చేదాకా ఆ తొడుగు నా బల్ల మీద మూలుగుతూనే ఉంది.

మే మొదట్లో ఒక పొద్దున, ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి ఉంటుందని ఆవిణ్ణి నాతో కాలవ దగ్గరికి తీసుకెళ్ళాను. ఊరికే సరదాకి తొడుగు ఇచ్చాను. ఆవిడ కుడిచేతికి తొడుక్కుని కళ్ళు మూసుకుంది. తొడుగులో వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంది.

"బాబూ, ఇక్కడ నాలుగున్నయ్యండి," అంది.

"ఎలా తెలుసు అత్తయ్యా?"

"ఎలా ఏంది? ఒకటేమో తోక కదుపుతా ఉంది. రెండు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నయ్యి. ఇంకోటి పైకి పోదామా వద్దా అని సూస్తా ఉంది. ఉండండి, బయల్దేరింది. వచ్చిద్ది ఇప్పుడు."

నీటి మీద బుడగ లేచింది. వెనకే మీసాల మూతి ఒకటి పైకి వచ్చి, గుక్కెడు గాలి మింగి, చటుక్కున మునిగిపోయింది.

"మా బొమ్మిడాయికి మీసాలొచ్చినట్టుంది," అని నవ్వింది ఆవిడ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సిన్నప్పుడు కొల్లేట్లో మోకాటి లోతు బురదలో దిగి సేతుల్తో తడివి మట్టగిడసల్ని పట్టేవోళ్ళం బాబూ. సేప కనపడదు. సేతికి ఎరుకైద్ది, అంతే. తర్వాత కొల్లేరంతా సేపల సెరువులు తవ్వేశారు. సెయ్యి పెడదామంటే ఆ బురదే లేకపోయె. నలభై ఏళ్ళయ్యింది ఈ ఎరుక మళ్ళా తగిలి."

ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆవిడ ఏడుస్తోంది, నేను పటం పూర్తవుతుందని లెక్కలు వేసుకుంటున్నాను.

మా సంస్థ పెద్ద ఉల్రికె. అరవై ఏళ్ళ మనిషి, మాట తక్కువ, నియమాలు ఎక్కువ. తొడుగు విషయంలో రెండు నియమాలు పెట్టింది. రోజుకు ఇరవై నిమిషాలకు మించి తొడగకూడదు. తీసిన వెంటనే ఆ చేతికి రెండు గ్లాసులు ఇవ్వాలి, ఒకటి వేడినీళ్ళది, ఒకటి చన్నీళ్ళది. ఏది వేడో చెప్పాలి. ఒక్కసారి తప్పు చెప్పినా ఆ మనిషి ఇక తొడుగు ముట్టకూడదు. "అరచేతికి కొత్త భాష నేర్పుతున్నాం. పాత భాష మర్చిపోతుందేమో చూస్తుండాలి," అంది ఉల్రికె. ఆ రిజిస్టర్ రాసే బాధ్యత నాది.

ఇరవై నిమిషాలు కాస్తా మొదటి వారంలోనే గంట అయింది. "ఇరవై నిమిషాల్లో సేపలకి మనం అలవాటన్నా కావొద్దా బాబూ?" అనేది అత్తయ్య. తర్వాత రెండు గంటలైంది. నేను వద్దనలేదు. ఇంకా నాలుగొందల మీటర్లు మిగిలి ఉంది.

ఇంట్లో ఆవిడ రాజ్యం వేరు. పొద్దున్నే పాపకి స్నానం. స్నానాల గదిలో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్ళు పోసేది. పాప పేరు ఇంకా పెట్టలేదు, అందరికీ బుజ్జమ్మే. స్నానం కాగానే సాంబ్రాణి పొగ. మొదటి రోజు ఆ పొగకు మా ఇంటి పైకప్పుకు ఉన్న పొగ అలారం కేకలు పెడితే, పక్కింటి వాళ్ళు మెట్ల మీదకు పరుగెత్తుకొచ్చారు. అప్పటినుంచి సాంబ్రాణి వేసినంతసేపూ నేను స్టూలెక్కి అలారానికి తువ్వాలు అడ్డం పెట్టి నిలబడేవాణ్ణి. నా చదువుకు ఇంట్లో దొరికిన గౌరవం అది.

పాప పుట్టినప్పుడు మంత్రసాని ఒక థర్మామీటరు ఇచ్చింది. చేప ఆకారంలో ఉన్న నీలం ప్లాస్టిక్ బొమ్మ, కడుపులో అంకెలు. నీళ్ళలో వేస్తే తేలుతూ వేడి ఎంతో చెబుతుంది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సెయ్యి లేనోళ్ళకా ఇది?" అని అడిగింది. మేమిద్దరం పగలబడి నవ్వాం. ఆ చేపకు దారం కట్టి ఉయ్యాలకు వేలాడదీశాం. పాప దాన్ని చూసి కాళ్ళు తన్నుకునేది.

జూన్ ఒకటో తారీఖున మొదటిసారి ఒకటి గమనించాను. కాలవ గట్టున ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాను. వేడికి పట్టలేక నేను నా గ్లాసు అంచు మీదికి వేళ్ళు జరుపుకున్నాను. ఆవిడ కుడిచేత్తో గ్లాసు నడుం గట్టిగా పట్టుకుని నింపాదిగా కూర్చుంది. పెదవికి ఆనించి ఉలిక్కిపడింది. గ్లాసు వంక ఒకసారి, చేతి వంక ఒకసారి చూసుకుంది. 

ఆ రోజు పరీక్షలో రెండు గ్లాసులూ ముందు పెట్టాను. ఆవిడ చెయ్యి వాటి దగ్గరికి పోకముందే కళ్ళు పోయాయి. పొద్దుటి చలికి వేడినీళ్ళ గ్లాసు మీద సన్నటి ఆవిరి ఉంది. "ఇది," అని చూపించింది. చూసి చెప్పిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలిసిందో లేదో గాని తల వంచుకుంది.

నిజానికి కళ్ళు మూసుకోమని అడిగితే సరిపోయేది. ఒక్క మాట. పటానికి ఇంకా నూట యాభై మీటర్లు ఉంది. జల సంఘం వాళ్ళు తనిఖీకి వచ్చేది పదహారున. ఆవిడ తప్ప ఆ పని చేయగల చెయ్యి ఈ దేశంలో లేదు. "సరి" అని రాశాను. మర్నాడు రాశాను. పదకొండు రోజులు రాశాను.

పదకొండో తారీఖు సాయంత్రం టీ తాగుతుండగా ప్రశాంతి మెట్ల దగ్గర అంటించిన కాగితం సంగతి చెప్పింది.

"రేపంతా గొట్టాలు శుభ్రం చేస్తారట అమ్మా. వేడినీళ్ళు మామూలు కంటే బాగా కాలుతూ వస్తాయట. బుజ్జమ్మ స్నానానికి చూసుకో."

"వస్తే రానియ్యవే. సెయ్యి లేదా?" అంది అత్తయ్య.

నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. నా ఎదురుగానే ఆ చెయ్యి ఉంది, టీ గ్లాసు చుట్టూ. ఇన్నాళ్ళూ ఇన్ని చెంబుల వేడినీళ్ళకి ఇన్ని చెంబుల చన్నీళ్ళని అలవాటు లెక్కతో కలుపుతోందని, చెయ్యి చెప్పడం ఎప్పుడో మానేసిందని నాకు అర్థమయ్యే ఉండాలి. అర్థమైంది కూడా. ఉయ్యాల మీద వేలాడుతున్న చేప బొమ్మను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టొచ్చు. పెడితే ఎందుకని ప్రశాంతి అడుగుతుంది. తనిఖీకి ఇంక ఐదు రోజులే కదా అనుకున్నాను. బిస్కెట్టు టీలో ముంచుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున్న నేను స్టూలు సర్దుకుంటుంటే స్నానాల గదిలోంచి కేక వినిపించింది. పాపది కాదు, ముందు ప్రశాంతిది. పాప ఏడుపు ఒక క్షణం ఆగి వచ్చింది. అంత చిన్న గొంతులోంచి అలాంటి శబ్దం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మొదటి చెంబే. పాప కాళ్ళ మీద పోసింది. ఎడమ కాలు మోకాలి నుంచి మడమ దాకా చూస్తుండగానే ఎర్రబడిపోయింది. ప్రశాంతి పాపను లాక్కుని చల్లటి ధార కింద పెట్టింది. అత్తయ్య పీట మీదే ఉండిపోయింది. కుడిచెయ్యి బకెట్లో మణికట్టు దాకా ముంచి ఉంది. నీళ్ళలోంచి పొగలు వస్తున్నాయి. ఆ చేతిని బయటికి తీయాలని కూడా ఆవిడకు తోచలేదు. నేను లాగి తీశాను. అదీ ఎర్రగా కాలి ఉంది.

ఆస్పత్రిలో అత్తయ్య చేతికీ పాప కాలికీ కట్లు కట్టారు. పాప ప్రాణానికి భయం లేదన్నారు, మచ్చ మిగలొచ్చన్నారు. పిల్లల డాక్టరు నెమ్మదస్తురాలు. అడగవలసినవి మాత్రం అడిగింది. నీళ్ళు ఎవరు కలిపారు, ఎలా చూశారు, థర్మామీటరు ఎందుకు వాడలేదు. అత్తయ్యకు జర్మన్ రాదు. మధ్యలో నేను.

"తప్పు నాదేనండి. ముసలిదాన్నయిపోయా. సెయ్యి మొద్దుబారింది. నా కూతురిదేం లేదు, అల్లుడుగారిదేం లేదు. ఆ మాట సెప్పండి బాబూ."

ఆ మాట నేనే జర్మన్‌లోకి మార్చి చెప్పాను. ఒక్క పొల్లు కూడా పోకుండా చెప్పాను. డాక్టరు రాసుకుంది.

వసారాలోకి రాగానే ప్రశాంతి తల్లి ముందు నిలబడింది. తను అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేది.

"అమ్మా, నువ్వింక పిల్లని ముట్టుకోవద్దు."

"అట్టాగేనమ్మా," అంది అత్తయ్య. అని, రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పాప, ప్రశాంతి నిద్రపోతున్నారు. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య తొట్టి దగ్గర నిలబడి ఉంది. గట్టు మీద తను ఊరినుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులు రెండు. కళ్ళు గట్టిగా మూసుకుని, కుడిచేతి కట్టులోంచి బయటికున్న వేళ్ళతో ఒకదాన్ని ముట్టుకుంటోంది, ఇంకోదాన్ని ముట్టుకుంటోంది. కళ్ళు తెరిచి చూసుకుంటోంది. గ్లాసులు అటూ ఇటూ మార్చి మళ్ళీ మూసుకుంటోంది. ఎడమ చేత్తో ముట్టుకున్నప్పుడు మాత్రం చటుక్కున వెనక్కి తీసుకుంది. నన్ను చూసి ఆగిపోయింది.

"ముసలితనం అయితే రెండు సేతులకీ రావాలిగా బాబూ," అంది.

నేను ఆ రెండు గ్లాసులూ తీసి తొట్టిలో ఒంపేశాను.

"నాకు తెలుసు. నీళ్ళ పొగ సూసి సెప్పేదాన్ని. మీకూ తెలుసుగా?"

"తెలుసు అత్తయ్యా."

"నేనైనా ఎందుకు దాచానంటే..." అని ఆగింది. "ఆ సేపల కాడ సెయ్యి పెడితే నాకు పదేళ్ళ పిల్లనైపోయినట్టుండేది బాబూ. మానెయ్యమంటారేమోనని బయపడ్డా. పసిదాని కాలు మీద పోశా నా సరదాని."

"మీది కాదు అత్తయ్యా, నాది. నేను రాశాను కాబట్టే మీరు..."

"ఇప్పుడెవురికీ సెప్పమాకండి." ఆవిడ గొంతు తగ్గించింది. "పదహారు దాకా. సెప్పారంటే ఆ పటం సెల్లదని కాలవంతా తోడేస్తారు. కొల్లేరు పోయినప్పుడు నేనేం సెయ్యలేకపోయా. ఇదన్నా ఉండనియ్యండి. నా మీద పడ్డ మాట నా మీదే ఉండనియ్యండి. మొయ్యగలను."

తప్పు చేసినవాడికి ఇంతకన్నా మెత్తటి పరుపు ఎవరు వేస్తారు? నేను దాని మీద రెండు రోజులు పడుకున్నాను. ఆ రెండు రోజులూ పాప ఏడ్చినప్పుడల్లా అత్తయ్య కుర్చీలోంచి సగం లేవడం, మళ్ళీ కూర్చోవడం చూశాను. పాలసీసా ప్రశాంతి చేతికి అందించేటప్పుడు కూడా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగేది. రెండో రోజు సాయంత్రం నాకు ఇంక చేతకాలేదు. రిజిస్టర్ తెచ్చి ప్రశాంతి ఒళ్ళో పెట్టాను.

"ఇందులో ఒకటి నుంచి పదకొండు దాకా రాసింది అబద్ధం. అమ్మ చేతిలో వేడి తెలియడం లేదని నాకు తెలుసు. కాగితం సంగతి నువ్వు చెప్పిన రోజు కూడా తెలుసు."

ప్రశాంతి ఆ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. 

"నా చేత మా అమ్మని ఆ మాట అనిపించావు," అంది చివరికి.

లేచి పక్క గదిలోకి వెళ్ళింది. పాపను ఎత్తుకుని తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పడుకోబెట్టింది. అత్తయ్య చేతులు కొంగు కిందనుంచి రావడానికి కొంచెం సేపు పట్టింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ గదిలోకి నన్నెవరూ పిలవలేదు.

పదహారున కాలవ గట్టు మీదికి జల సంఘం తరఫున క్రూగర్ అనే అధికారి వచ్చాడు. పొడుగాటి మనిషి, రబ్బరు బూట్లు, వెంట పార పట్టుకున్న ఇద్దరు పనివాళ్ళు. ఉల్రికె పటం పరిచింది. ఆరువందల మీటర్ల కాలవ మీద నూట ముప్పై ఒక్క చుక్కలు, ఒక్కొక్కటి ఒక చేప. క్రూగర్ ఆసక్తిగా వంగి చూశాడు. ప్రశాంతి మూడేళ్ళ కష్టం అందులో ఉంది. పాపను ఎత్తుకుని నా పక్కనే నిలబడి, నా వంక చూడకుండా, "చెప్పు," అంది.

చెప్పాను. పరీక్ష సంగతి, ఆవిరి సంగతి, పదకొండు రోజుల రాత. పాప కాలు చూపించాను. ఉల్రికె ముఖం తెల్లబోయింది. నా చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని మూసి, సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత నాతో నెల రోజులు మాట్లాడలేదు. తొడుగును తనే బీరువాలో పెట్టి తాళం వేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఉండాలి కూడా.

క్రూగర్ పటం మడిచి తిరిగి ఇచ్చాడు. "చెప్పినందుకు మిమ్మల్ని గౌరవిస్తాను. కాని దీన్ని నేను లెక్కలోకి తీసుకోలేను. పని ఇరవైన మొదలవుతుంది," అన్నాడు.

మా వెనకే నిలబడ్డ అత్తయ్యకు ఆయన ముఖం చూసే సంగతి అర్థమైంది. చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. చేతి కట్టు పళ్ళతో లాగి విప్పేసింది.

"అమ్మా, కాలిన చెయ్యి, వద్దు," అని ప్రశాంతి అడ్డం వచ్చింది.

"కాలినట్టు దానికి తెలిస్తేగా," అంది ఆవిడ.

కాలవలోకి దిగి, తొడల లోతు నీళ్ళలో వంగి, కుడిచెయ్యి భుజం దాకా బురదలో పెట్టింది. తొడుగు లేదు, తీగలు లేవు. కళ్ళు మూసుకుంది. పటంలో చుక్కలున్న చోటు కాదు అది, రెండు చివరల నుంచీ జరుపుకుంటూ వచ్చిన మేం పన్నెండున పని ఆగడంతో తీగలు దింపకుండా వదిలేసిన కాలవ నడుమ. క్రూగర్ గడియారం చూసుకోబోయి మానేశాడు. ఆవిడ ముఖంలో నొప్పి లేదు, తొందర లేదు. నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చున్న మనిషిలా ఉంది. కాసేపటికి ఒక రెల్లు విరిచి అక్కడ గుచ్చింది. నాలుగడుగులు వేసి ఇంకోటి గుచ్చింది. ఇంకా పోయి మూడోది.

"ఇక్కడ తవ్వమనండి బాబూ. మెల్లిగా."

మొదటి రెల్లు దగ్గర పారతో ఎత్తిన బురదలో ఏమీ లేదు. రెండో చోటా లేదు. పనివాళ్ళలో ఒకడు చిన్నగా నవ్వాడు. "పార సప్పుడికి జారిపోయినయ్యి. ఉన్నయ్యి," అని గొణిగింది అత్తయ్య. మూడో చోట పార వద్దంది. తనే రెండు చేతులూ కిందికి పోనిచ్చి, దోసిలి పట్టి, బురదంతా అలాగే పైకెత్తింది. బురద నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. దోసిట్లో మిగిలినవి రెండు. ఒకటి జానెడుది, దాని పక్కన వేలెడంత పిల్ల. పెద్దది కీచుమంది. గట్టు మీద అందరికీ వినిపించింది.

క్రూగర్ ఒంగి ఆ పిల్ల చేప వంక చాలాసేపు చూశాడు. పిల్ల ఉందంటే కాలవ నడుమ అవి కాపురం ఉంటున్నట్టు. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఈ ఏడాది తోడం. వచ్చే ఏడాది మళ్ళీ మాట్లాడదాం," అన్నాడు. అంతకంటే ఏమీ ఒప్పుకోలేదు. మాకు అదే ఎక్కువ.

అది కొల్లేరు నేర్పిన చెయ్యా, నా తొడుగు తయారు చేసిన చెయ్యా అన్నది నాకిప్పటికీ తెలియదు. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "చర్మం మానిపోతుంది. నరాలు బాగానే ఉన్నాయి. మెదడే ఆ చేతిని వేరే పనికి ఇచ్చేసింది. తిరిగి తీసుకుంటుందో లేదో నేను చెప్పలేను," అన్నాడు. నేను మార్చి చెబితే అత్తయ్య తల ఊపింది, తను ముందే విన్న సంగతిలా.

వీసా గడువు జూలై పదితో అయిపోయింది. వెళ్ళే రోజు పొద్దున్న పాపకు ప్రశాంతే స్నానం చేయించింది. పీట మీద కాళ్ళు చాపుకుని, తల్లిలాగే. చేప బొమ్మను దారం విప్పి బకెట్లో వేసింది.

"అమ్మా, ఎంతుందో చూడు."

అత్తయ్య బకెట్ పక్కన గొంతుక్కూచుని, కళ్ళజోడు సర్దుకుని, బొమ్మ కడుపులోకి చూసింది. "ముప్పై ఏడు," అంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూసి, "ముప్పై ఏడేనమ్మా," అంది.

స్నానమయ్యాక పాపను తువ్వాల్లో చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాం. ఎడమ కాలు మీద మచ్చ అప్పటికి లేత గులాబీ రంగుకు వచ్చింది. అత్తయ్య కుడి అరచేతిని ఆ కాలి మీద మెల్లిగా ఆనించి ఉంచింది. పాప కాలు తన్నుతోంది, చెయ్యి కదులుతోంది. ఆవిడ ముఖం మాత్రం ఎక్కడో వెతుకుతోంది.

"బాబూ," అని పిలిచింది. "కాలు తన్నేది తెలుస్తా ఉంది. ఒళ్ళు తెలవట్లా. ఎడం సెయ్యితో ముట్టుకుంటే తెలుసుద్దనుకోండి. ఈ సెయ్యి మా అమ్మనీ, మా పిసాంతినీ ఎరిగిన సెయ్యి. ఎట్టా ఉందో కాస్త సెప్పండి."

నేను నేల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. పాప పాదం నా చేతిలోకి తీసుకున్నాను. బురద కింద మూరెడు లోతున పడుకున్న చేప ఒంటి సంగతి గట్టు మీద మనిషికి అందించినవాణ్ణి. "మెత్తగా ఉంది అత్తయ్యా," అన్నాను. ఆవిడ ఇంకా చెబుతానని చూస్తోంది. "వెచ్చగా ఉంది. ఇప్పుడే నీళ్ళు పోశాం కదా, మడమ దగ్గర కాస్త తడి ఉంది. మచ్చ ఉన్నచోట మాత్రం నున్నగా, కొంచెం బిగుతుగా ఉంది."

"మిగతాది?"

మిగతాది చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. అయినా పాదం కింద పెట్టకుండా, బొటనవేలి దగ్గర మొదలుపెట్టి మళ్ళీ చెప్పాను. విమానానికి టైమవుతోందని ప్రశాంతి గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, నా పక్కన కూర్చుంది.